దరఖాస్తు ఫారం దగ్గరే ఆగిపోయిన కుండలు: ఒక సిరామిక్స్ కేస్ స్టడీ

కుండలు, నేత, నగలు, కలప, గాజు ఏదైనా సరే, చేతిపనినే వృత్తిగా పెట్టుకుని బతికేవాళ్లకు మార్కెట్ విషయాల్లో మెంటరింగ్ చేయడం నా పని. దేనికి ఎంత ధర పెట్టాలి, ఏ మేళాకు అప్లై చేయాలి, గ్యాలరీతో ఒప్పందం ఎలా రాసుకోవాలి, ఇలాంటివి. ఈ కేసు ఒక సిరామిక్స్ మేకర్‌ది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేరు మాత్రం వద్దంది, అందుకని ఇక్కడ ఆమెను ఎన్ అందాం. ఊరు, మేళా, సంస్థ పేర్లు కూడా రాయను. రాస్తే ఇంత చిన్న రంగంలో ఎవరెవరో ఇట్టే తెలిసిపోతుంది, పైగా ఇందులో ఉన్న గొడవ ఏ ఒక్క సంస్థదో కాదు.

ఎన్ నల్లజాతి మహిళ, వయసు నలభై దాటింది, ఇద్దరు పిల్లలు. తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న దేశంలో పుట్టి పెరిగి, అక్కడే ఆర్ట్ కాలేజీలో సిరామిక్స్ డిగ్రీ చేసింది. పెద్ద పొట్ట, సన్నటి మెడ ఉన్న నల్లటి కుండలు చేస్తుంది. సారె, అంటే కుమ్మరి చక్రం, వాడదు. మట్టిని తాళ్లలా పేని, చుట్టు మీద చుట్టు పేర్చి, అతుకులు కలిపేసి గోడ లేపుతుంది. ఆ తర్వాత నున్నటి రాయితో ఒళ్లంతా రుద్ది మెరుపు తెస్తుంది. గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉండదు. కిల్న్‌లో, అంటే కుండలు కాల్చే బట్టీలో, గాలి తగ్గించి పొగలో కాలిస్తే ఆ నలుపు వస్తుంది.

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి ఇదీ: జ్యూరీ ఎంపిక చేసే ఒక పెద్ద సమకాలీన క్రాఫ్ట్ మేళాకు ఏళ్ల తరబడి అప్లై చేస్తోంది, ప్రతిసారీ మర్యాదగా ‘ఈసారికి కాదు’ అని ఈమెయిల్ వస్తోంది. నల్లజాతి చరిత్రకంటూ కేటాయించిన నెల రాగానే మాత్రం ఆ మేళా నడిపే సంస్థ నుంచే ఫోన్లు. పిల్లలకు మట్టి పని చూపించండి, వేదిక మీద కూర్చుని కుండ చేయండి అని. డబ్బు ఉండదు, ‘గుర్తింపు వస్తుంది’ అంటారు. ఆమె ఉండే ఉమ్మడి స్టూడియోలోనే ఒక తెల్లజాతి మగ మేకర్ ఉన్నాడు, ఆయనా చుట్లతోనే పెద్ద పాత్రలు కడతాడు, మంచి పనివాడు, ఆ మాటలో అనుమానం లేదు. ఆయనకు అదే మేళాలో ‘శిల్పం’ విభాగంలో ఏటా చోటు. ఆయన ధరలు ఆమె ధరలకు దాదాపు రెట్టింపు.

సంస్థ వాళ్లు నన్ను పిలిచింది వేరే పని మీద. వాళ్ల జాబితాలో అందరూ ఒకే రకం మనుషులు కనిపిస్తున్నారని పైనుంచి ఒత్తిడి వచ్చింది, ‘మైనారిటీ మేకర్లకు ఆత్మవిశ్వాసం పెంచే కోర్సు’ ఒకటి నడిపితే బాగుంటుందని అనుకున్నారు. ఈ రంగంలో నాకు బాగా చిరాకు తెప్పించే మందు ఇదే. ఎవరు బయట మిగిలిపోతే వాళ్లలోనే ఏదో లోపం ఉందనుకుని క్లాసు పెట్టేస్తారు. ఎన్‌కి ఆత్మవిశ్వాసం తక్కువేం కాదు, ఆమెతో అరగంట ధర గురించి వాదించి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. కోర్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ ఫారం, స్కోర్ షీట్లు చూపించండి, జ్యూరీ కూర్చునే రోజు నన్ను వెనక కుర్చీలో కూర్చోనివ్వండి అని అడిగాను. కొంచెం నసిగి ఒప్పుకున్నారు.

ఫారంలో మొదటి ప్రశ్నే విభాగం గురించి. మూడు గడులున్నాయి, ఒక్కదాంట్లోనే టిక్ పెట్టాలి: వాడకానికి పనికొచ్చేవి, శిల్పం, సంప్రదాయ హస్తకళ.

‘వాడకం’ కింద చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. పాత్రలో నీళ్లు నిలవాలి, బయటికి ఊరకూడదు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! కానీ తక్కువ వేడిలో కాల్చి గ్లేజు వేయని మట్టి, నీటిని పీలుస్తుంది, అది ఆ పని స్వభావం. రాయితో రుద్దితే పై పొర బిగుసుకుంటుంది కానీ పూర్తిగా మూసుకోదు. ప్రపంచంలో చాలాచోట్ల ఆడవాళ్లు తరతరాలుగా చేసిన కుండలు ఇలాంటివే, తక్కువ వేడి, గ్లేజు లేదు, సారె లేదు. ఒక్క వాక్యంతో అవన్నీ ‘వాడకం’ నుంచి బయటికి పోయాయి. ఆ వాక్యం రాసిన మనిషికి అలాంటి ఉద్దేశం ఏ కోశానా ఉండి ఉండదు, కాఫీ మగ్గు కారుతోందని ఎవరో కొన్నవాళ్లు ఫిర్యాదు చేసి ఉంటారు, అంతే.

‘శిల్పం’ విభాగానికి వేరే షరతు. గత మూడేళ్లలో గ్యాలరీ ప్రదర్శనల జాబితా ఇవ్వాలి. ఎన్ రెండో బిడ్డ పుట్టాక చాలాకాలం పెద్ద కుండల జోలికే పోలేదు, ఎందుకో కింద రాస్తాను. కాబట్టి ఆ జాబితా ఖాళీ. ఇక మిగిలింది ‘సంప్రదాయ హస్తకళ’. ఆ స్టాళ్లు హాలులో వెనక వైపు, మేళా ముందు రోజు కలెక్టర్లను, పత్రికల వాళ్లను తిప్పే దారిలో అవి రావు. ఆ విభాగంలోనైనా తీసుకున్నారా అంటే అదీ లేదు, ఎందుకంటే ఆమె పని ‘ఏ సంప్రదాయానికి చెందినదో స్పష్టంగా లేదు’ అని ఒక షీట్‌లో రాసి ఉంది. ఎలా ఉంటుంది? ఆమె నేర్చుకున్నది కాలేజీలో.

జ్యూరీ గదిలో చూసింది ఇంకా నేర్పింది. తెర మీద ఫొటోలు ఒక్కొక్కటీ కొన్ని సెకన్లే నిలుస్తాయి. ఎవరి మీదా కోపం లేదు, అందరూ మంచి మూడ్‌లోనే ఉన్నారు, బిస్కెట్లు తింటున్నారు. ఒకతని చెక్క గిన్నె వచ్చినప్పుడు ఒక జ్యూరీ సభ్యుడు ముందుకు వంగి, ‘ఇంత పల్చగా ఎలా తీశాడు?’ అన్నాడు. ఎన్ కుండ వచ్చింది, దాని పక్కనే మేకర్ ఫొటో కూడా వచ్చింది, ఎందుకంటే ఫారంలో అది తప్పనిసరి. అదే మనిషి వెనక్కి వాలి, ‘ఇది ఎక్కడిది?’ అన్నాడు. ‘పూర్వీకుల నుంచి వచ్చిన విద్య అనుకుంటా, బాగుంది’ అని ఇంకొకామె. తర్వాతి ఫొటో. ఆ రోజంతా ఈ రెండు ప్రశ్నలు ఎవరికి ఏది పడుతుందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాను. తెల్లవాళ్ల పనికి దాదాపు అన్నిసార్లూ ‘ఎలా’, మిగతావాళ్లకు ఎక్కువగా ‘ఎక్కడ’. ఎలా చేశావని అడిగితే మనిషి నైపుణ్యం లెక్కలోకి వస్తుంది. ఎక్కడిదని అడిగితే ఊరికో జాతికో మార్కులు పడతాయి, చేసిన చెయ్యి మాయమైపోతుంది.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, ఎందుకంటే ఆ గదిలో వాళ్లను కదిలించింది అదే. 1950ల మొదట్లో మైకేల్ కార్డ్యూ అనే ఇంగ్లిష్ కుమ్మరి నైజీరియాలో అప్పట్లో అబూజా అని పిలిచిన ఊళ్లో (ఇప్పటి రాజధాని కాదు, ఇప్పటి సులేజా) ఒక శిక్షణ కేంద్రం పెట్టాడు. సారె, గ్లేజు, ఎక్కువ వేడి ఇచ్చే కిల్న్, ఇవీ అక్కడి పాఠాలు, నేర్చుకునేవాళ్లంతా మగవాళ్లు. ఆ ప్రాంతంలో కుండలు చేయడంలో చెయ్యి తిరిగినవాళ్లేమో ఆడవాళ్లు. లాడి క్వాలి అనే ఆమె 1954లో చేరి ఆ కేంద్రంలో మొదటి మహిళ అయింది. ఆమె చిన్నప్పటి నుంచీ చుట్లతో చేస్తున్న నీళ్లకుండల మీదే గ్లేజు పడి, కార్డ్యూ కిల్న్‌లో కాలి బయటికి వచ్చాక అవి ఐరోపా, అమెరికాల్లో ప్రదర్శనలకు వెళ్లాయి. ఇప్పుడు నైజీరియా 20 నైరా నోటు వెనక ఆమె బొమ్మ ఉంది. నైరోబీలో పుట్టిన మాగ్డలీన్ ఒడుండో 1970ల్లో అదే కేంద్రానికి వెళ్లి నేర్చుకుంది, లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదివింది, 2020లో బ్రిటన్ ఆమెకు డేమ్ గౌరవం (మగవాళ్లకిచ్చే ‘సర్’ లాంటిది) ఇచ్చింది. ఒడుండో కుండలు చేత్తో కట్టినవే, గ్లేజు లేనివే, రుద్ది మెరుగు పెట్టినవే. పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి.

మధ్యాహ్నం విరామంలో జ్యూరీని ఒకటే అడిగాను: ‘ఒడుండో ఏ పేరూ లేని తొలి రోజుల్లో మీ ఫారం నింపి ఉంటే ఏ గడిలో టిక్ పెట్టేది?’ అందరికీ ఆమె అంటే మహా గౌరవం. నీళ్లు పీలుస్తుంది కాబట్టి వాడకం కాదు, అప్పటికి ప్రదర్శనలు లేవు కాబట్టి శిల్పం కాదు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ‘ఆమె స్థాయి వేరు’ అన్నాడు ఒకాయన చివరికి. స్థాయి తేల్చేది ఈ గదిలోనే కదండీ అన్నాను, ఆయనకు నచ్చలేదు.

ఇప్పుడు ధర సంగతి. ఎన్ ధరల పట్టిక తెమ్మంటే ఒక నోటుపుస్తకం తెచ్చింది. మట్టి ఖర్చు, కిల్న్ అద్దె, దాని మీద కొంచెం. రుద్దే గంటలు ఎక్కడా లేవు. ఈ పని దగ్గర్నుంచి చూడనివాళ్లకు ఒక విషయం చెప్పాలి. మట్టి మరీ పచ్చిగా ఉంటే రాయి దిగబడి గీతలు పడతాయి, మరీ ఎండితే మెరుపు రాదు. ఆ మధ్య దశలోనే రుద్దాలి, పెద్ద కుండైతే కొంచెం కొంచెంగా, మిగతా భాగం ఆరిపోకుండా తడిగుడ్డ, ప్లాస్టిక్ కవరు కప్పుకుంటూ, ఒక్కోసారి రోజుల తరబడి. మధ్యలో వదిలేసి లేవడానికి వీల్లేదు. బిడ్డకు జ్వరమొచ్చిందని బడి నుంచి ఫోన్ వస్తే ఆ కుండ పోయినట్టే. ఆమె అన్నాళ్లు పెద్ద కుండలు ఎందుకు ఆపేసిందో ఇప్పుడు అర్థమైంది కదా. చిన్న గిన్నెలు చేసుకుంది, అవి ఏ జ్యూరీ కంటికీ ఆనవు.

ఇంకో మాట. అసలు సారె వదిలి చుట్లు ఎందుకు ఎంచుకున్నావని అడిగాను. పూర్వీకులూ కాదు, ఏమీ కాదు. అంత పెద్ద పొట్ట సారె మీద ఒక్కసారిగా లాగడం కష్టం, ఆ ఆకారం తనకు ఇష్టం, అదొక కారణం. రెండోది, పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీద చప్పుడు లేకుండా చేసుకోవచ్చు. సారె పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు, స్టూడియోకి రాత్రి వెళ్లలేదు. జ్యూరీ ‘వారసత్వం’ అని చదివినదాంట్లో సగం, ఇంట్లో మరో గది లేకపోవడం.

ఏ పని ఎవరి చేతికి దక్కుతుందో నిర్ణయించేది అభిరుచి ఒక్కటే కాదని ఈ రంగానికి తెలియక కాదు. జర్మనీలో 1919లో మొదలైన బౌహౌస్ అనే డిజైన్ స్కూల్ ఆడామగా తేడా లేదని ప్రకటించింది, ఆ తర్వాత చేరిన అమ్మాయిల్లో ఎక్కువమందిని నేత విభాగంలోకి నెట్టింది. లోహపు పని విభాగంలోకి వెళ్లగలిగిన మరియాన్ బ్రాంట్‌కి మొదట్లో విసుగు పుట్టించే చాకిరీయే అప్పగించారు, తర్వాత ఆ విభాగానికే పెద్ద అయింది. ఇంగ్లండ్‌లో 1884లో పెట్టిన ఆర్ట్ వర్కర్స్ గిల్డ్ ఆడవాళ్లను 1964 దాకా చేర్చుకోలేదు, అందుకే ఎంబ్రాయిడరీ కళాకారిణి మే మారిస్ వగైరాలు 1907లో వేరే మహిళా గిల్డ్ పెట్టుకున్నారు. ఇవన్నీ చేతిపని గొప్పదనం గురించి పొద్దున్నుంచి రాత్రి దాకా మాట్లాడిన సంస్థలే.

స్టూడియోలో కూడా కొన్నాళ్లు గమనించాను. కిల్న్ స్లాట్లు రాత్రిపూట గ్రూపులో మెసేజ్ పడగానే ఎవరు ముందు ‘నాకు’ అంటే వాళ్లకు. అది సరిగ్గా పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టే టైము. ఎవరు వెనకబడతారో చెప్పక్కర్లేదు. పొగ పెట్టి కాల్చడం నిషిద్ధం, పొగ బాధ నిజమే, కానీ బయట పెరట్లో వారానికో పూట అనుమతించడానికి ఏ అడ్డూ లేదు, అడిగినవాళ్లు లేరు.

మేళా విషయంలో మేం మార్పించినవి చెబుతాను. మూడు గడులు తీసేసి, ఏ మట్టి, ఏ పద్ధతి, కొన్నవాళ్లు దాన్ని ఎలా వాడుకోవచ్చు అని రాయమన్నాం. నీళ్లు నిలవాలన్న నిబంధన పోయి, నీళ్లు పోయకూడనివైతే లేబుల్ మీద ఆ మాట ఉండాలన్నది వచ్చింది. ‘గత మూడేళ్లు’ బదులు ‘ఏవైనా మూడేళ్లు’. మొదటి రౌండ్‌లో పేరు లేదు, మేకర్ ఫొటో లేదు. మార్కు వేయడానికి ముందే ప్రతి సభ్యుడూ కారణం ఒక వాక్యం రాసి తీరాలి, అప్పుడే నోరు విప్పాలి. స్టాల్ ఇద్దరు పంచుకోవచ్చు, దాంతో ఒకరు పిల్లల దగ్గరికి వెళ్లినా ఇంకొకరు ఉంటారు. స్టాల్ డిపాజిట్ కట్టేది ఎంపికయ్యాకే. వేదిక మీద కుండ చేసి చూపించేవాళ్లకు రోజు కూలీ, అదీ ముందే రాతపూర్వకంగా. చివరిదాని దగ్గర పెద్ద యుద్ధమే అయింది. గుర్తింపుతో కడుపు నిండదని చెప్పడానికి ఎంత చరిత్ర కావాలి? అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి మహిళల బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టారు, 2006లో అమెరికా తపాలా బిళ్లల మీద వేశారు, 2007లో వాళ్లలో కొందరు తమ వాటా డబ్బు అందలేదంటూ కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. కీర్తి ముందొచ్చింది, లెక్కలు చూసుకోవడానికి లాయర్లు కావాల్సి వచ్చింది.

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది, ఏ మార్పు ఎంత సులువుగా ఆమోదం పొందిందన్నది. మూడేళ్ల నిబంధన, స్టాల్ పంచుకోవడం, ఈ రెండూ అరగంటలో అయిపోయాయి. తల్లుల కోసం అనగానే అందరూ తలూపారు, గదిలో ముగ్గురు నలుగురికి సొంత అనుభవం ఉంది కాబట్టి. మొదటి ఏడాది వాటివల్ల ఎక్కువ లాభపడింది తెల్లజాతి మహిళలే, ముఖ్యంగా చాన్నాళ్లు మగ్గం మూలన పెట్టిన ఒక నేత కళాకారిణి. ఆమెకు రావడం నాకు సంతోషమే. కానీ గడులు తీసేయడం, ఫొటో తీసేయడం దగ్గరికి వచ్చేసరికి ‘నాణ్యత పడిపోతుంది’, ‘మేం రంగు చూడం కదా’, ‘కొన్నవాళ్లకు కథ కావాలి’ అని నెలల తరబడి సాగదీత. ఒక జ్యూరీ సభ్యుడు తప్పుకున్నాడు కూడా. సంస్థలు ఆడవాళ్ల సమస్యను ఒక ఫైలులో, జాతి సమస్యను ఇంకో ఫైలులో పెట్టుకుంటాయి, మొదటిది ముందు కదులుతుంది, వార్షిక నివేదికలో ఫొటో పడుతుంది, రెండు ఫైళ్లలోనూ పేరున్న ఎన్ లాంటి మనిషి మాత్రం ఇంకా క్యూలోనే ఉంటుంది. అందుకే ఇప్పుడు నేను ఎక్కడ ఇలాంటి పని ఒప్పుకున్నా, రెండు రకాల మార్పులూ ఒకే కాగితం మీద, ఒకే ఓటుకు పెట్టమంటాను. విడదీస్తే నా పేరు తీసేయమంటాను.

ఎన్ వైపు నుంచి చేసింది తక్కువే. రుద్దే గంటలు రాసుకోవడం మొదలుపెట్టింది, దాన్నిబట్టి ధరలు పెరిగాయి. ఫొటోలు మళ్లీ తీయించాం. మెరిసే నలుపును మామూలు లైటు కింద తీస్తే ఒక పక్క తెల్లటి మచ్చ, ఇంకో పక్క బొగ్గు ముద్ద కనిపిస్తాయి, పక్కనుంచి మెత్తటి వెలుతురు, వెనక బూడిద రంగు తెర ఉంటేనే గోడ వంపు తెలుస్తుంది. ఇది జాతికీ లింగానికీ సంబంధం లేని విషయంలా ఉంటుంది కానీ, మంచి ఫొటోగ్రాఫర్‌కి ముందే డబ్బు పెట్టగలిగేవాళ్లు ఎవరన్నది చూస్తే సంబంధం బయటపడుతుంది. మొదటి రౌండ్‌కి తీసే ఫొటోల ఖర్చులో కొంత సంస్థే భరించేలా తర్వాత ఒప్పించాం.

ఎంపికైంది. ఏ విభాగమూ లేదు కాబట్టి స్టాల్ చీటీ తీసి ఇచ్చారు, మధ్య వరసలో వచ్చింది. నేను ఒక పూట అక్కడే నిలబడ్డాను. సాయానికని కాలేజీ కుర్రాడిని ఒకడిని పెట్టుకుంది, తెల్లబ్బాయి, కుండలు చుట్టి ఇవ్వడం వాడి పని. ఒక పెద్దాయన వచ్చి, కుండను ఎత్తి చూసి, కుర్రాడి వైపు తిరిగి, ‘ఎంత వేడిలో కాలుస్తావు బాబూ?’ అన్నాడు. వాడు ఆమెను చూపించాడు. పెద్దాయన ఆమె వైపు తిరిగి, ‘మీ అమ్మమ్మ నేర్పిందా అమ్మా?’ అన్నాడు. ఎన్ నవ్వుతూ తన కాలేజీ పేరు చెప్పి, ఉష్ణోగ్రత డిగ్రీలతో సహా చెప్పి, పొగ ఎప్పుడు పెడుతుందో వివరించింది. ఆయన కొన్నాడు. ఫారం మారినంత మాత్రాన కొనేవాడి కళ్లు మారవు, అది నా చేతిలో లేదు, ఏ సంస్థ చేతిలోనూ లేదు.

ఆ మేళా తర్వాత ఒక గ్యాలరీ ఆమె పని తీసుకుంది. అమ్ముడుపోతేనే డబ్బు అన్న పద్ధతి మీద, అది అందరికీ ఉన్న బాధే. లేబుల్ మీద ‘ఆదిమ ఆఫ్రికన్ రూపాలు’ అని రాసి పంపారు. తీయించాం. ‘చుట్లతో కట్టిన ఎర్రమట్టి, రాతితో మెరుగు, పొగలో కాల్పు’ అని రాయించాం, పక్కన ఆమె పేరు, సంవత్సరం. లేబుల్ మీద మాటలు మేకర్ చూశాకే అచ్చు వేయాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చాం. నా దగ్గరికి వచ్చే అందరి ఒప్పందాల్లోనూ ఇప్పుడు ఆ వాక్యం పెట్టిస్తున్నా, తెల్లవాళ్లవైనా సరే. ఇప్పటిదాకా ఏ గ్యాలరీ కాదనలేదు.

స్టూడియోలో పెరటి కాల్పుకు వారానికో పూట ఇచ్చారు, దాన్ని ఇప్పుడు ఎన్‌తో పాటు ఆ ‘శిల్పం’ ఆయన కూడా వాడుకుంటున్నాడు. కిల్న్ స్లాట్లు మాత్రం ఇంకా రాత్రి మెసేజ్ మీదే నడుస్తున్నాయి. వారం ముందే పేర్లు రాసే రిజిస్టర్ పెట్టమని కమిటీకి రాశాం, పాతవాళ్లు ఇద్దరు అడ్డం తిరిగారు, వచ్చే మీటింగ్‌లో ఓటింగ్ ఉంది.